యుద్ధ విమానాల స్కేల్ మోడళ్ళు

అసలు విమానం కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో కుదించి, విడి భాగాలుగా ప్లాస్టిక్‌లో అచ్చుపోసి, పెట్టెలో పెట్టి అమ్మేది కిట్. ఆ భాగాలను అతికి, అతుకులు కనబడకుండా నునుపు చేసి, రంగులు వేసి, గుర్తులు అంటించి నిలబెడితే స్కేల్ మోడల్. గాలిలో ఎగిరే నమూనాలు చేసే ఏరోమోడలింగ్‌కు ఇది దగ్గరి చుట్టమే అయినా దారి వేరు. ఎగరాల్సిన నమూనాకు బరువు తగ్గడం ముఖ్యం. రూపం కాస్త అటూ ఇటూ అయినా చెల్లుతుంది. అల్మారాలో నిలిచే ఈ నమూనాకు రూపమే సర్వస్వం. ఓడలకూ ట్యాంకులకూ కార్లకూ కిట్లున్నా, మొదటి నుంచీ ఈ రంగంలో పెద్దపీట యుద్ధ విమానాలదే.

అందుకు కారణం వాటి సంఖ్య, వైవిధ్యం. ఒక్క స్పిట్‌ఫైరే అన్ని రకాలూ కలిపి 20 వేలకు పైగా తయారైంది. బ్రిటన్‌లో, మాల్టాలో, రష్యాలో, బర్మాలో, వేర్వేరు దళాల్లో వేర్వేరు రంగులతో ఎగిరింది. అందువల్ల ఒకే రకం కిట్‌ను పదిమంది కొన్నా పది భిన్నమైన విమానాలు తయారవుతాయి. చేయి తిరిగిన మోడలర్‌ను ఏం చేస్తున్నారని అడిగితే విమానం పేరుతో ఆపడు; ఏ స్క్వాడ్రన్‌ది, ఏ సీరియల్ నంబరుది, ఏ నెలనాటిది అన్నది కూడా చెబుతాడు. ఫలానా రోజున ఫలానా రన్‌వే పక్కన నిలిచి ఉన్న ఒక్క విమానమే అతని గురి. ఈ వ్యాపకంలోని కష్టమూ ఇష్టమూ రెండూ అక్కడే మొదలవుతాయి.

కొయ్య నుంచి ప్లాస్టిక్‌కు

కిట్లకు పుట్టిల్లు బ్రిటన్. 1932లో జేమ్స్ హే స్టీవెన్స్ రూపకల్పనలో 'స్కైబర్డ్స్' పేరుతో కొయ్య, లోహపు భాగాల కిట్లు వచ్చాయి. అసలు విమానంలో ఆరడుగులు నమూనాలో ఒక అంగుళం కావాలని ఆయన పెట్టుకున్న లెక్కే 1:72. ఆరడుగుల పైలట్ బొమ్మ అంగుళం ఎత్తు ఉంటే సరిపోతుంది. 1936లో ఫ్రాగ్ సంస్థ అదే నిష్పత్తిలో సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్‌తో కిట్లు తెచ్చింది. ఎగిరే బొమ్మలకు పేరుపడ్డ ఆ సంస్థ ఎగరని ఈ వరసకు 'పెంగ్విన్' అని పేరు పెట్టడంలో చమత్కారం ఉంది. బ్లాక్‌బర్న్ షార్క్, గ్లోస్టర్ గ్లాడియేటర్, హాకర్ ఫ్యూరీ మొదటి మూడు కిట్లు. ఆ ప్లాస్టిక్‌కు ఒక జబ్బుంది: ఏళ్ళు గడిచేకొద్దీ వంకర్లు పోతుంది. అప్పటి మోడళ్ళు తిన్నగా ఉన్న స్థితిలో దొరకడం అరుదు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ బొమ్మలకు ఉద్యోగం ఇచ్చింది. దూరాన వస్తున్నది మనదా శత్రువుదా అన్నది ఆకారాన్ని బట్టి పోల్చుకోవడం గన్నర్లకూ నిఘా సిబ్బందికీ నేర్పాలి. 1942లో అమెరికా నౌకాదళం తనకు ఐదు లక్షల కొయ్య నమూనాలు కావాలని బడిపిల్లలను అడిగింది. అన్నీ 1:72లోనే, అన్నిటికీ నల్ల రంగే. పది మీటర్ల దూరంలో నమూనాను పట్టుకుంటే, 720 మీటర్ల దూరాన అసలు విమానం ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది. స్టీవెన్స్ అంగుళం లెక్క అట్లాంటిక్ దాటి పాతుకుపోవడానికి ఈ పాఠాలూ ఒక కారణం.

యుద్ధం తరువాత చవకైన పాలిస్టైరీన్ వచ్చింది. అమెరికాలో రెవెల్, మోనోగ్రామ్, అరోరా సంస్థలు పుంజుకున్నాయి. బ్రిటన్‌లో హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో పెట్టిన ఎయిర్‌ఫిక్స్ మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలూ, ఆ తరువాత దువ్వెనలూ చేసుకునేది. 1952లో 'గోల్డెన్ హైండ్' ఓడ కిట్‌ను వూల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మి, మరుసటి ఏడు స్పిట్‌ఫైర్‌ను తెచ్చింది. అది అరోరా వారి కిట్‌ను కుదించి చేసిన నకలు, రూపం అంతంతమాత్రమే. అయినా జేబుఖర్చుతో కొనగలిగిన ఆ విమానం ఒక తరం బ్రిటిష్ పిల్లలకు ఈ పిచ్చి పట్టించింది. దాని వెనకే పెట్టె మీది బొమ్మల కళ కూడా పెరిగింది. 1964 నుంచి పదేళ్ళు ఎయిర్‌ఫిక్స్‌కు రాయ్ క్రాస్ వేసిన చిత్రాల్లో మేఘాలు చీల్చుకొచ్చే బాంబర్లు, మండుతున్న ఇంజన్లు ఉండేవి. తరువాతి ముద్రణల్లో కొన్నిటి మీది పేలుళ్ళనూ మంటలనూ చెరిపేశారు. లోపలున్న బూడిదరంగు ముక్కలకన్నా పైనున్న బొమ్మను చూసి కొన్నవాళ్ళే ఎక్కువేమో.

1973 చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర పెరిగింది. పిల్లలు ఎలక్ట్రానిక్ ఆటల వైపు మళ్ళారు. 1981లో ఎయిర్‌ఫిక్స్ దివాలా తీసి, చేతులు మారుతూ వచ్చి, 2006లో హార్న్‌బీ సంస్థకు చేరింది. ఫ్రాగ్ కథ ఇంకా విచిత్రం. 1970లలో అది మూతపడ్డాక అచ్చులు సోవియట్ యూనియన్‌కు వెళ్ళి 'నోవో' పేరుతో మళ్ళీ బయటికొచ్చాయి. అయితే జర్మనీ, జపాన్ విమానాల అచ్చులు మాకొద్దని సోవియట్ వారు తిరస్కరించారు. అవి రెవెల్‌కు అమ్ముడయ్యాయి. ముప్పై ఏళ్ళ కిందటి యుద్ధంలో ఎవరు ఎటువైపున్నారన్నది ఉక్కు అచ్చుల వ్యాపారంలో కూడా లెక్కకొచ్చిందన్నమాట.

ఈలోగా ఈ పరిశ్రమ బరువు జపాన్ వైపు ఒరిగింది. కొయ్యపనికి పేరున్న షిజువోకా నగరంలో కలప వ్యాపారంగా 1946లో మొదలైన తమియా, కొయ్య నమూనాల మీదుగా 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. హసెగావా, ఫుజిమి కూడా ఆ ప్రాంతానివే. ఏటా మే నెలలో అక్కడ జరిగే హాబీ షో ఈ రంగానికి పెద్ద తిరనాళ్ళ లాంటిది. భాగాలు ఇట్టే అమరిపోవడంలో తమియాను మించినవి నేటికీ తక్కువే. 1989లో చెక్ దేశంలో పుట్టిన ఎడ్వార్డ్ సంస్థ, కాగితం మందంలో ఉండే ఇత్తడి విడిభాగాలతో మొదలై, ఇవాళ చిన్న చిన్న వివరాలకు పెట్టింది పేరైంది. ఇప్పుడు చైనా, కొరియా, ఉక్రెయిన్, రష్యా సంస్థలూ పోటీలో ఉన్నాయి. కొనేవాళ్ళు మాత్రం పిల్లలు కారు. ఎక్కువమంది ఒకప్పుడు పిల్లలుగా ఉండి, ఇప్పుడు డబ్బు చూసుకున్న పెద్దలు. ధరలూ అందుకు తగ్గట్టే పెరిగాయి.

నిష్పత్తుల లెక్క

విమానాలకు వాడుకలో ఉన్న స్కేళ్ళు ముఖ్యంగా నాలుగు: 1:144, 1:72, 1:48, 1:32. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 1:72లో అది 15.6 సెంటీమీటర్లు, అంటే అరచేతిలో ఇముడుతుంది. 1:48లో 23.4, 1:32లో 35 సెంటీమీటర్లు అవుతుంది. 1970లో ఎయిర్‌ఫిక్స్ 1:24లో తెచ్చిన స్పిట్‌ఫైర్ దాదాపు అరమీటరు. పెద్ద బాంబర్లకు ఈ లెక్క ఇంట్లో తగవులు తెస్తుంది: 56 మీటర్ల రెక్కలున్న బీ-52, 1:72లో కూడా 78 సెంటీమీటర్లు.

లెక్క కొలతలతో ఆగదు, మందానికీ వర్తిస్తుంది. 1:72 మోడల్ మీద 0.1 మిల్లీమీటరు ఎత్తున్న గీత అసలు విమానం మీద 7 మిల్లీమీటర్ల గట్టుతో సమానం. పాత కిట్లలో రేకుల జాయింట్లను ఉబ్బెత్తు గీతలుగా చూపేవారు. ఇప్పుడు లోపలికి చెక్కిన సన్నని గాడులుగా చూపుతున్నారు. రంగును దట్టంగా పూస్తే ఆ గాడులు పూడిపోతాయి. ఈ పనిలో చేసే జాగ్రత్తలన్నిటికీ మూలం ఈ చిన్న గుణకారమే.

అతకడం

కిట్‌లోని భాగాలు స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రానికి అంటి ఉంటాయి. వాటిని సన్నని కట్టర్‌తో తెంపి, మిగిలిన మొటిమలను ఆకురాయితో తీసేస్తారు. పని దాదాపు ఎప్పుడూ కాక్‌పిట్‌తో మొదలవుతుంది, ఎందుకంటే ముక్కు నుంచి తోక దాకా రెండు పొట్టులుగా ఉండే బాడీని మూశాక లోపలికి బ్రష్ వెళ్ళదు. ఈ పనికి వాడేది మామూలు జిగురు కాదు. అసిటోన్, బ్యుటైల్ అసిటేట్ వంటి ద్రావకాలు అంచులను కరిగించి, రెంటినీ ఒకే ముక్కగా చేస్తాయి. సన్నని బ్రష్‌తో అతుకు దగ్గర ఒక చుక్క తాకిస్తే చాలు, అది కేశనాళికల్లో నీరు పాకినట్టు జాయింటు పొడవునా దానంతటదే పరుగెడుతుంది. ఇత్తడి, రెసిన్ భాగాలకు మాత్రం సూపర్ గ్లూ వాడతారు. దాన్ని పారదర్శకమైన కానొపీ దగ్గరికి రానివ్వకూడదు. ఆవిరి తగిలి అద్దం తెల్లగా పొగబారుతుంది.

ముక్కు కింద చక్రమున్న జెట్ విమానాలతో మరో చిక్కుంది. ప్లాస్టిక్ బరువంతా వెనకవైపు పడి, మోడల్ తోక మీద కూర్చుంటుంది. బాడీని మూసేముందే ముక్కులో సీసపు గుళ్ళు కుక్కాలి. ఎంత బరువు పెట్టాలో చాలా కిట్ల సూచనల్లో గ్రాముల్లో రాసి ఉంటుంది.

బాడీ రెండు పొట్టులూ కలిసే చోట పడే గీతే ఈ పనికి గీటురాయి. అసలు విమానానికి నడుమ అలాంటి గీత ఉండదు. కాబట్టి లప్పం పెట్టి, ఆరాక, నీటిలో తడిపిన ఉప్పు కాగితంతో ముందు 400, తరువాత 800, 1000, 2000 నంబర్లతో రుద్దుతూ పోవాలి. రుద్దుడులో మాయమైన గాడులను సూదిమొనతో తిరిగి గీయాలి. పని అయిందనుకున్నాక బూడిదరంగు ప్రైమర్ ఒక పూత వేస్తే, కంటికి ఆనని గీతలన్నీ బయటపడతాయి. అప్పుడు మళ్ళీ లప్పం. పోటీల్లో న్యాయనిర్ణేతలు రంగులకన్నా ముందు వెతికేది ఈ అతుకులనూ, రెక్కలు రెండూ సమంగా ఉన్నాయా అన్నదాన్నీ.

రంగు

రంగుల్లో మూడు జాతులు: ఎనామెల్, అక్రిలిక్, లక్కర్. బ్రిటన్‌లో హంబ్రోల్ వారి చిన్న ఎనామెల్ డబ్బాలు దశాబ్దాల పాటు రాజ్యమేలాయి. లక్కర్ పలచగా, గట్టిగా పట్టుకుంటుంది, వాసన మాత్రం ఘాటు. ముక్కుకు రెస్పిరేటర్, గదిలో గాలి ఆడటం తప్పనిసరి. బ్రష్‌తో కూడా చక్కగా వేసేవాళ్ళు ఉన్నారు గానీ, ఎక్కువమంది చేతిలో ఉండేది ఎయిర్‌బ్రష్. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, ఒక బార్‌కు అటూ ఇటూ గాలి ఒత్తిడి, పాలంత పలచగా కలిపిన రంగు. మీటను కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. తడిసిపోయేలా ఒకేసారి వేయక, పొగలాంటి పూతలు నాలుగైదు వేస్తే కింది గాడులు పూడవు. కామఫ్లాజ్ రంగులు కలిసే చోట అంచు మెత్తగా ఉండాలా, గీసినట్టు ఉండాలా అన్నది విమానాన్ని బట్టి మారుతుంది.

ఏ ఛాయ వాడాలన్న ప్రశ్నకు మాత్రం ఎడతెగని వాదాలున్నాయి. అమెరికా దళాల రంగులకు ఫెడరల్ స్టాండర్డ్ 595 నంబర్లు, యుద్ధకాలపు జర్మన్ వాయుసేనకు ఆర్‌ఎల్‌ఎమ్ నంబర్లు ఉన్నాయి. అయినా యుద్ధం చివరి నెలల్లో చేతికి దొరికిన రంగు పూసిన ఫ్యాక్టరీలు ఏ నంబరు చూశాయి? జపాన్ జీరో తొలి విమానాల బూడిద ఛాయలో ఆకుపచ్చ ఎంత, గోధుమ ఎంత అన్న దాని మీద పుస్తకాలే వచ్చాయి. సరైన రంగే దొరికినా మరో మెలిక: దూరాన ఉన్న వస్తువును గాలి పొర పలచబరిచి చూపుతుంది. అరమీటరు దూరంలో చూసే 1:72 మోడల్ 36 మీటర్ల దూరంలోని విమానంతో సమానం కాబట్టి, డబ్బాలోని రంగుకు కాస్త తెలుపు కలపాలని బ్రిటిష్ రచయిత ఇయాన్ హంట్లీ వాదించారు. చిన్న స్కేలుకు ఎక్కువ తెలుపు, పెద్ద స్కేలుకు తక్కువ.

ఎండావానల జాడలు చూపడం తరువాతి మెట్టు. పలచని నూనెరంగును గాడుల్లోకి పారించడం, అంచుల మీద పొడి బ్రష్ ఆడించడం వంటి పద్ధతులకు అమెరికన్ షెప్ పెయిన్, బెల్జియన్ ఫ్రాంసువా వెర్లిండెన్ 1970లు, 80లలో ప్రాచుర్యం తెచ్చారు. తరువాత స్పెయిన్ మోడలర్లు దాన్ని నాటకీయత వైపు లాగారు. ప్రతి రేకు అంచూ నల్లగా, ప్రతి రేకు మధ్యా వెలిసిపోయి కనబడే మోడళ్ళు ఫొటోల్లో దివ్యంగా ఉంటాయి. నిజం విమానాల్లో మాత్రం అలా గళ్ళ దుప్పటి కప్పినట్టున్నవి కనబడవు. ఇంజన్ పొగగొట్టాల వెనక మసి, పైలట్ ఎక్కే రెక్క మొదట్లో అరిగిన రంగు, పొట్ట కింద నూనె చారలు - ఇవి చాలు.

గుర్తులు

స్క్వాడ్రన్ అక్షరాలు, జాతీయ చిహ్నాలు డెకాల్ షీటు మీద అచ్చై వస్తాయి. కత్తిరించి నీటిలో ముంచితే కాగితం నుంచి జారి మోడల్ మీదికి వస్తాయి. మెత్తబరిచే ద్రవం పూస్తే గాడుల్లోకి కుదించుకుని రంగు పూసినట్టే అతుకుతాయి. మ్యాట్ రంగు గరుకు మీద నేరుగా వేస్తే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు మెరిసే వార్నిష్, ఆ మీద డెకాల్, ఆఖర్న మ్యాట్ వార్నిష్.

1944 జూన్ 6 నాటి నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాల విమానాలకు తెలుపు నలుపు పట్టీలు వేయాలని ఆజ్ఞ వచ్చింది. ఒకే ఇంజన్ ఉన్నవాటికి ఐదు పట్టీలు, ఒక్కోటి 18 అంగుళాలు. 1:72లో అది సరిగ్గా 6.35 మిల్లీమీటర్లు. మోడలర్లు టేపు వేసి వెంట్రుకవాసి తేడా రాకుండా వాటిని గీస్తారు. చరిత్ర చూస్తే, గ్రౌండ్ సిబ్బంది ఒకటి రెండు రోజుల్లో, చాలాచోట్ల మామూలు బ్రష్షులతో, హడావుడిగా పూసేశారు. ఆనాటి ఫొటోల్లో అంచులు వంకర టింకరగా కనబడతాయి. నిజాయితీగా చేయాలంటే ఇక్కడ చేయి కాస్త వణకాలి.

జర్మన్ విమానాల తోక మీది స్వస్తిక్ మరో తలనొప్పి. జర్మన్ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ నాజీ చిహ్నాల ప్రదర్శనను నిషేధిస్తుంది. అందుకని చాలా కిట్ల డెకాల్ షీట్లలో అది ఉండదు, లేదా రెండు ముక్కలుగా అచ్చవుతుంది. కలిపి అంటించుకోవడం కొన్నవాడి ఇష్టం. 1918 నుంచి 1945 దాకా ఫిన్లాండ్ వాయుసేన గుర్తు కూడా నీలి స్వస్తిక్కే. నాజీ పార్టీ పుట్టకముందే పెట్టుకున్నదైనా, ఆ విమానాల కిట్లకూ తరచు ఇదే కత్తెర పడుతుంది.

లేని విమానానికి కిట్

కిట్ తయారీదారుకు కావలసింది సమాచారం, సైన్యం దాచేదీ అదే. 1986లో అమెరికన్ సంస్థ టెస్టర్స్ 'ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్' పేరుతో 1:48 కిట్ విడుదల చేసింది. రాడార్‌కు చిక్కని విమానం ఉందని పుకార్లున్నా ప్రభుత్వం ఒప్పుకోని రోజులవి. తమకు చూపని రహస్యం బొమ్మల దుకాణంలో ఎలా దొరుకుతోందని చట్టసభ సభ్యులు నిలదీశారు. ఆ గొడవ కిట్‌కు ఉచిత ప్రచారమైంది. 1988 నవంబరులో అసలు విమానం ఫొటో బయటపెట్టినప్పుడు చూస్తే పేరు ఎఫ్-117. టెస్టర్స్ మోడల్ నున్నగా వంపులు తిరిగి ఉంటే, అసలుది వజ్రానికి సానపట్టినట్టు పలకలు పలకలుగా ఉంది. ఊహ పూర్తిగా తప్పు, అమ్మకాలు మాత్రం అద్భుతం.

హైదరాబాద్ పేరు మోసిన విమానాలు

తెలుగు మోడలర్ వెతుక్కోదగ్గ విమానాలు బ్రిటిష్ వాయుసేనలోనే కొన్ని ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఒక్కో విమానం మీద నిజాం కానుక అన్న రాత, ఒక నంబరు ఉండేవి. వాటిలో ఎఫ్1010 అనే 'హైదరాబాద్ నంబర్ 12ఏ' 1918 అక్టోబరు 5న జర్మనీలో దిగిపోయి పట్టుబడింది. ఆ తరువాత పోలండ్‌లోని క్రాకో చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారకంగా బ్రిటన్‌కు తిరిగొచ్చి ఆర్‌ఏఎఫ్ మ్యూజియం సేకరణలో చేరింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' పేరు వచ్చింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1940లో వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన దాని స్పిట్‌ఫైర్ల కోడ్ అక్షరాలు 'యూఎమ్'. తరువాత బర్మాలో అదే స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ ఎనిమిదో మార్కు విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత ఉండేది. ఆ రంగస్థలంలో రౌండెల్ అనే గుండ్రటి జాతీయ చిహ్నం మధ్యనుండే ఎర్ర చుక్కను తీసేసి నీలి ఛాయలే మిగిల్చారు; ఎరుపు కనబడితే జపాన్ సూర్యుడని సొంతవాళ్ళే కాల్చే ప్రమాదం ఉండేది.

స్వతంత్ర భారత వాయుసేన కొంతకాలం అశోకచక్రాన్ని రౌండెల్‌గా వాడి, 1950 నుంచి బయట కాషాయం, నడుమ ఆకుపచ్చ ఉన్న వలయానికి మారింది. మన విమానాలు చేయబోయేవారిని చిరకాలం ఇబ్బంది పెట్టింది నాట్ యుద్ధ విమానం. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్నది ఒంటిసీటు నాట్. చవకగా దొరికిన ఎయిర్‌ఫిక్స్ కిట్ మాత్రం బ్రిటిష్ విన్యాస బృందం రెడ్ ఆరోస్ నడిపిన రెండు సీట్ల ట్రైనర్. దాని రెక్క పెద్దది, బాడీ పొడవు. కోసి కుదించుకోవడం తప్ప దారి ఉండేది కాదు. చివరికి చెక్ సంస్థ స్పెషల్ హాబీ ఒంటిసీటు నాట్‌నూ, దాని నుంచి హెచ్‌ఏఎల్ తీర్చిదిద్దిన అజీత్‌నూ కూడా 1:72లో తెచ్చింది. 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా సేవలో ఉన్న మిగ్-21కు కిట్ల కరువు లేదు. 1971 యుద్ధంలో వెండిలా మెరిసే ఆ విమానాల మీద యూనిట్లే తమకు తోచినట్టు ఆకుపచ్చ పట్టీలు, మచ్చలు పూసుకున్నాయి. ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి, ఫొటో లేకుండా వాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక పాఠం కావడంతో, కొందరు తెలుగు విద్యార్థులకు బాల్సా కొయ్యతో తొలి పరిచయం అక్కడే జరుగుతుంది. ప్లాస్టిక్ కిట్లు మాత్రం దాదాపు అన్నీ దిగుమతులే. బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. కస్టమ్స్ పద్దులో స్కేల్ మోడళ్ళు ఆ శీర్షిక కిందికే వస్తాయి. మండే స్వభావం ఉన్న రంగులు, ద్రావకాలు విమాన తపాలాలో పంపనివ్వరు. కాబట్టి కార్లకు రంగులేసే దుకాణాల థిన్నరు, ప్రైమరు ఇక్కడివారికి ఆధారం.

అసలు విమానం కొలతలు, రంగు ఛాయలు కళ్ళారా చూసుకోవడానికి విశాఖ ఆర్కే బీచ్‌లో వీలుంది. 2017 మార్చిలో నౌకాదళం విరమింపజేసిన టీయూ-142 నిఘా విమానం అదే ఏడు డిసెంబరు నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగే జంట ప్రొపెల్లర్లు, వాటి వెనక పొగగొట్టాల అమరిక, రేకు మీది రివెట్ల వరసలు దగ్గరగా ఫొటో తీసుకోవచ్చు. 1:72లో దాని కిట్ కూడా ఉంది. రెక్కల వెడల్పు 70 సెంటీమీటర్ల దాకా వస్తుంది కాబట్టి, కొనేముందు అల్మారా కొలుచుకోవాలి.